రాస్ప్‌బెర్రీ పై 3 మీద ఫ్రీబీఎస్‌డీ బిల్డ్ మధ్యలో ఆగిపోతోందా?

రాస్ప్‌బెర్రీ పై 3 అనే చిన్న కంప్యూటర్ బోర్డులో ఉన్నది 1 జీబీ ర్యామ్. దాని మీద ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను సోర్స్ నుంచి కంపైల్ చేస్తుంటే, ఆ పని చేసే ‘మేక్ బిల్డ్‌వరల్డ్’ కమాండ్ మధ్యలో ఆగిపోవడం మామూలే. వెంటనే సోర్స్ కోడ్‌ను అనుమానిస్తాం. చాలాసార్లు తప్పు ర్యామ్‌దో, కరెంటుదో, గడియారానిదో అవుతుంది.

ముందుగా ఒక మాట. చివర్లో కనిపించే ‘ఎర్రర్ కోడ్ 1’ చూసి ఏమీ తేల్చలేం. నాలుగు పనులు ఒకేసారి నడుస్తున్నప్పుడు ఒకటి ఆగినా మిగతావి కాసేపు నడుస్తాయి, అసలు ఎర్రర్ పైకి వెళ్లిపోతుంది. అవుట్‌పుట్ అంతా ఒక ఫైల్‌లోకి పంపి, అందులో మొదటి ఎర్రర్ వెతకండి.

కంపైలర్ ‘కిల్డ్’ అని ఆగితే

ఇది ఎక్కువగా ఎల్ఎల్‌వీఎం, క్లాంగ్ (ఫ్రీబీఎస్‌డీతో వచ్చే కంపైలర్ భాగాలు) కంపైల్ అయ్యే దగ్గర వస్తుంది. ‘డీమెసేజ్’ (dmesg) కమాండ్ కొట్టి కెర్నల్, అంటే సిస్టమ్ మూల భాగం, ఇచ్చిన సందేశాలు చూడండి. ‘వాజ్ కిల్డ్: ఫెయిల్డ్ టు రీక్లెయిమ్ మెమొరీ’ అని ఉంటే ర్యామ్ చాలలేదన్నమాట. ఆ సీ ప్లస్ ప్లస్ ఫైళ్లలో కొన్ని ఒక్కొక్కటే వందల ఎంబీలు తింటాయి. మేక్‌కు ‘-జే4’ (ఒకేసారి నాలుగు పనులు) ఇస్తే అలాంటివి నాలుగు ఒకేసారి మీద పడతాయి. ‘-జే2’కి, అప్పటికీ ఆగితే ‘-జే1’కి తగ్గించండి.

చిత్రమేమిటంటే, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ స్థలం) సగం ఖాళీగా ఉన్నా ఈ ఎర్రర్ రావచ్చు. నేను రెండు రాత్రులు స్వాప్ పెంచుతూ కూర్చున్నాను, ఫలితం లేదు. స్వాప్ ఉన్నది ఎస్‌డీ కార్డు మీద. అంత నెమ్మది కార్డు మీదికి పేజీలు (మెమొరీ ముక్కలు) వెళ్లేలోపు కెర్నల్ 12 సార్లు ప్రయత్నించి, ఇక లాభం లేదని పెద్ద ప్రాసెస్‌ను చంపేస్తుంది. స్వాప్‌ను యూఎస్‌బీ ఎస్ఎస్‌డీ మీదికి మార్చి, ‘వీఎం.పేజ్‌అవుట్_ఓఓఎం_సీక్’ (vm.pageout_oom_seq) అనే కెర్నల్ సెట్టింగ్ విలువను 12 నుంచి 120కి పెంచాకే నా బిల్డ్ ముందుకు కదిలింది.

‘విదౌట్_ఎల్ఎల్‌వీఎం_టార్గెట్_ఆల్’ కూడా సోర్స్ కాన్ఫ్ (/etc/src.conf) ఫైల్‌లో పెట్టండి. మనకు అక్కర్లేని ప్రాసెసర్ల కోడ్ కంపైల్ కాదు, బోలెడు టైమ్ మిగులుతుంది.

ప్రతిసారీ వేరే చోట ఆగితే

ఒకే ఫైల్ దగ్గర ఆగితే సోర్స్‌ను అనుమానించాలి. ఒకసారి ఇక్కడ, ఇంకోసారి అక్కడ సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తప్పు మెమొరీని తాకి ప్రోగ్రామ్ ఆగిపోవడం) వస్తుంటే హార్డ్‌వేర్‌ను చూడాలి. బోర్డు మీది ఎర్ర లైటును గమనించండి. లోడ్ పెరిగినప్పుడు అది ఆరి మళ్లీ వెలుగుతుంటే వోల్టేజ్ పడిపోతోంది. ఫోన్ ఛార్జర్ తీసేసి 5.1 వోల్టులు, 2.5 ఆంపియర్ల అడాప్టర్ పెట్టండి. ఎస్ఎస్‌డీకి విడిగా కరెంటు ఇచ్చే యూఎస్‌బీ హబ్ ఉంటే ఇంకా మంచిది. వేడెక్కితే మాత్రం సాధారణంగా ఆగదు, నెమ్మదిస్తుంది. హీట్‌సింక్, చిన్న ఫ్యాన్ చాలు.

అయిపోయినవే మళ్లీ కంపైల్ అవుతుంటే

ఈ బోర్డులో బ్యాటరీ గడియారం లేదు. కరెంటు పోయి వస్తే టైమ్ వెనకబడుతుంది. ఏది మళ్లీ చేయాలో మేక్ ఫైళ్ల టైమ్ చూసే నిర్ణయిస్తుంది కాబట్టి లెక్క తప్పుతుంది. బిల్డ్‌కు ముందు ‘డేట్’ కొట్టి చూడండి, బూట్ అవగానే నెట్ నుంచి టైమ్ సరిచేసేలా ఎన్‌టీపీడీ (ntpd) సర్వీస్‌ను ఆన్ చేయండి. ఫైల్‌మాన్ (filemon) అనే కెర్నల్ మాడ్యూల్ లోడ్ చేసి, ఏది ఎలా బిల్డ్ అయిందో రాసిపెట్టుకునే మెటా మోడ్‌ను మొదటి బిల్డ్ నుంచే పెట్టుకుంటే, ఆగిన చోటి నుంచి అందుకోవడం తేలిక.

ఇవన్నీ చేసినా రోజులు పడుతుంటే

ఫ్రీబీఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్ దొరికితే అక్కడే ‘టార్గెట్=ఆర్మ్64’ అని ఇచ్చి బిల్డ్ చేయండి. తర్వాత రాస్ప్‌బెర్రీ పై ఎస్‌డీ కార్డును ల్యాప్‌టాప్‌లో మౌంట్ చేసి, ఆ ఫోల్డర్‌ను ‘డెస్ట్‌డిర్’ (DESTDIR, ఇన్‌స్టాల్ కావాల్సిన చోటు)గా ఇచ్చి ముందు ఇన్‌స్టాల్‌కెర్నల్, తర్వాత ఇన్‌స్టాల్‌వరల్డ్ నడపండి. ఈ రెండిటికీ అదే టార్గెట్ మళ్లీ ఇవ్వాలి.