ఒళ్లు చల్లబడి చెమటలు పడుతున్నాయా?

ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, పనేమీ చేయలేదు, అయినా నుదురు, మెడ, అరచేతులు తడిసిపోతాయి. ముట్టుకుంటే చర్మం చల్లగా, జిగటగా తగులుతుంది. ఎండకు పట్టే చెమటలో చర్మంలోని రక్తనాళాలు వెడల్పై ఒళ్లు వెచ్చగా ఉంటుంది. శరీరం ఆపదను పసిగట్టినప్పుడు ఆ నాళాలు ముడుచుకుని రక్తం లోపలి అవయవాలకు మళ్లుతుంది, చెమట మాత్రం ఆగదు. కాబట్టి చెమట తుడిచి ఊరుకోకుండా, వెంట ఇంకేం కనిపిస్తోందో చూడాలి.

ఛాతీలో బరువు, ఆయాసం

ముందుగా అనుమానించాల్సింది గుండెపోటునే. ఛాతీ మధ్య బిగపట్టినట్టు ఉంటుంది, నొప్పి ఎడమ చేతికో దవడకో వీపుకో పాకుతుంది. షుగర్ ఉన్నవారికి, మహిళలకు, వయసు పైబడినవారికి నొప్పి అంతగా తెలియకపోవచ్చు, చెమట, ఆయాసం, వికారమే కనిపించవచ్చు. "గ్యాస్ అయి ఉంటుందిలే" అనే మాటే మన ఇళ్లలో ప్రాణాల మీదకు తెస్తోంది. సోడా తాగించి, వీపు రాసి, తెల్లవారేదాకా చూద్దామనుకుంటారు. దయచేసి ఆగకండి. వెంటనే 108కు ఫోన్ చేయండి. మనిషిని నడిపించకండి, బైకు ఎక్కించకండి. ఈసీజీ, రక్తపరీక్ష చూసి డాక్టరు కాదనేదాకా అది గుండెనొప్పే అనుకోండి.

చేతుల వణుకు, విపరీతమైన ఆకలి, తికమక

షుగర్‌కు మందులు వాడేవారిలో ఇది చక్కెర పడిపోయిన సూచన. ఇన్సులిన్ తీసుకునో, గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వేసుకునో భోజనం ఆలస్యం చేస్తే ఇలా అవుతుంది. పెళ్లి పందిట్లో రెండో బంతి దాకా ఆగినా, కార్తీక సోమవారం ఉపవాసమున్నా ఇదే ప్రమాదం. గ్లూకోమీటరులో 70 కంటే తక్కువ కనిపిస్తే, లేదా మీటరు అందుబాటులో లేకపోతే, నిండుగా మూడు చిన్న చెంచాల చక్కెర అరగ్లాసు నీళ్లలో కలిపి తాగించాలి. అది సుమారు 15 గ్రాములు. 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి, ఇంకా 70 దాటకపోతే మళ్లీ అంతే ఇవ్వాలి. చాక్లెట్ ఇవ్వడం మంచిది కాదు, అందులోని కొవ్వు చక్కెరను త్వరగా ఒంటికి పట్టనివ్వదు.

చాలామందికి తెలియని సంగతులు రెండున్నాయి. వోగ్లిబోస్, అకార్బోస్ మాత్రలు వాడేవారికి మామూలు చక్కెర త్వరగా పనిచేయదు, గ్లూకోజు పొడే కలపాలి. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి బీపీ మాత్రలు వేసుకునేవారికి వణుకు, గుండెదడ బయటపడకపోవచ్చు, చెమటొక్కటే హెచ్చరిక అవుతుంది. అందుకే ఆ చెమటను తేలిగ్గా తీసుకోకండి.

స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108 పిలవండి. తేరుకున్నాక అన్నమో ఇడ్లీయో తినిపించాలి. గ్లిమెపిరైడ్ ప్రభావం గంటల తరబడి ఉంటుంది కాబట్టి చక్కెర మళ్లీ పడిపోవచ్చు.

కళ్లు చీకట్లు కమ్మడం

రక్తం తీయించుకున్నప్పుడు, చాలాసేపు నిలబడినప్పుడు బీపీ ఒక్కసారిగా పడిపోయి ఇలా అవుతుంది. పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెడితే చాలావరకు నిమిషాల్లో సర్దుకుంటుంది. ఎండన పడి వచ్చినవారికైతే నీడ, ఓఆర్ఎస్ కావాలి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే వడదెబ్బే, ఒంటిపై నీళ్లు పోస్తూనే ఆస్పత్రికి తరలించాలి.

జ్వరం తగ్గాక చల్లచెమటలు

జ్వరం విడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకునే వేళ ఇది. డెంగీలో అసలు గండం మొదలయ్యేది మాత్రం అప్పుడే, సాధారణంగా మూడు నుంచి ఏడో రోజు మధ్య. రక్తనాళాల నుంచి ద్రవం బయటకు కారిపోయి బీపీ పడిపోతుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చల్లబడిన చేతులు కాళ్లు, మూత్రం తగ్గడం కనిపిస్తే ప్లేట్‌లెట్ల రిపోర్టు కోసం ఎదురుచూడకుండా, సెలైన్ ఎక్కించే వసతి ఉన్న ఆస్పత్రికి ఆ పూటే తీసుకెళ్లండి.