వానాకాలం జ్వరాలు మొదలయ్యాయి, బీపీ మాత్ర మాత్రం ఆపకండి

మా మందుల షాపుకి ఉన్నవి రెండే మెట్లు. ఎనిమిదేళ్లుగా వస్తున్న టైలరు ఒకాయన పోయిన నెల ఆ రెండూ ఎక్కి ఆయాసంతో కూలబడ్డాడు. ఎకో (గుండె స్కానింగ్) తీయిస్తే గుండె ఎడమ గది గోడ మందం 14 మిల్లీమీటర్లు వచ్చింది. మగవాళ్లలో 10 దాకా ఉంటే మామూలే.

ఆరా తీస్తే తెలిసింది. రెండేళ్ల కిందట జ్వరం తగ్గాక బీపీ 120/80 ఉందట, సీఆర్‌పీ అనే రక్త పరీక్ష కూడా నార్మల్ వచ్చిందట. "ఇంకేముందన్నా" అని మాత్ర మానేశాడు.

ఆ 120/80 మాత్ర వేసుకోబట్టే వచ్చింది. కౌంటర్ వెనక నిలబడి ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో!

బీపీ ఎక్కువగా ఉంటే రక్తాన్ని తోయడానికి గుండె రోజంతా ఎదురు బరువు మోస్తుంది. మూటలు మోసేవాడి భుజంలా కండ గట్టిపడుతుంది. భుజానికైతే బలమే. గుండెకి అలా కాదు, గోడ బిరుసెక్కి రక్తం సరిగా నిండదు. అలాగే వదిలేస్తే కొన్నాళ్లకి సాగి పెద్దదవుతుంది. ఇదంతా నొప్పి లేకుండానే జరుగుతుంది.

ఇక సీఆర్‌పీ. ఒంట్లో ఎక్కడ ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట) ఉన్నా లివర్ దీన్ని ఎక్కువగా తయారుచేస్తుంది. పుచ్చిపన్ను చాలు, పెరగడానికి. గుండె రిస్కు కోసం చూసేది హెచ్‌ఎస్ సీఆర్‌పీ, అంటే అదే పరీక్షని ఇంకా సూక్ష్మంగా చేసేది. లీటరుకి మిల్లీగ్రాముల్లో చూస్తే 1 లోపుంటే తక్కువ, 3 దాటితే ఎక్కువ. 10 దాటితే ముందు వేరే ఇన్‌ఫెక్షన్ ఏదైనా ఉందేమో చూడాలి, అది తగ్గాక మళ్లీ చేయించాలి. బీపీతో గోడ మందమైనవాళ్లలో ఇది కాస్త ఎక్కువ ఉండటం మామూలే. అయితే గోడ ఎంత మందమైందో ఆ అంకె చెప్పదు. చెప్పేది ఎకో. ఈసీజీ బాగుందని కూడా ధీమా పడొద్దు, చాలాసార్లు అందులో దొరకదు.

కాబట్టి సీఆర్‌పీ తగ్గిందని మాత్ర ఆపకండి. బీపీ తగ్గిందని అసలే ఆపకండి.

జ్వరంలో ఉండగా హెచ్‌ఎస్ సీఆర్‌పీ చేయించకండి, డబ్బు దండగ.

కీళ్ల నొప్పులకని డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ సొంతంగా కొనకండి. ఒంట్లో ఉప్పు, నీరు నిలబెట్టి బీపీ పెంచుతాయి. లోసార్టాన్ లాంటి బీపీ మాత్రకి తోడు నీరు పోయే మాత్ర కూడా వేసుకునేవాళ్లకి కిడ్నీల మీద దెబ్బ. డెంగీ అయితే రక్తస్రావం భయం కూడా.

నొప్పి సూది వేయమని ఆర్‌ఎంపీ మీద ఒత్తిడి చేయకండి.

నీళ్లలో వేస్తే పొంగే పారాసిటమాల్ వద్దు, అందులో సోడియం ఎక్కువ. మామూలు బిళ్ల చాలు.

వాంతులు, విరేచనాలు అవుతుంటే డాక్టరుకి ఫోన్ చేయండి. ఒకట్రెండు మందులు కొన్నాళ్లు ఆపమంటారేమో. ఆయన చెబితేనే ఆపండి. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో అప్పుడే అడిగి రాసుకోండి. టైలరు చేసిన పొరపాటు తనంతట తానే ఆపేయడం.

అటెనోలాల్, క్లోనిడిన్ అనే బీపీ మాత్రలు వాడేవాళ్లు ఒక్కసారిగా ఆపారో బీపీ ఎగిరిపడుతుంది.

నోరు చేదుగా ఉందని జ్వరంలో ఆవకాయ అన్నం వద్దు.

పడుకుంటే ఆయాసం వచ్చినా, కాళ్లు వాచినా నా దగ్గరికి కాదు, ఆసుపత్రికి వెళ్లండి.

పక్కింటాయన మాత్ర వాడకండి.

స్ట్రిప్‌లో ఐదు మిగిలి ఉండగానే వచ్చి తీసుకోండి. ఆదివారం మధ్యాహ్నం మా షాపు మూసేస్తాం.