హన్నా అంటే ‘దేవుని కృప’ కాదు: హీబ్రూ ఆడపిల్ల పేరుకు అర్థం తేల్చుకోవడం ఎలా

తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో హన్నా, రూతు, ఎస్తేరు కొత్త పేర్లేమీ కావు. అర్థం కోసం వెతికితే మాత్రం ఒక్కో జాబితా ఒక్కోటి చెబుతుంది. హన్నాకు ‘దేవుని కృప’ అని రాసినవి బోలెడు. ఆ పేరులో కృప ఉంది గానీ, దేవుడు లేడు. అక్షరాలు విప్పి చూస్తే సంగతి తెలుస్తుంది.

ముందు బైబిల్లో ఆ పేరు తొలిసారి వచ్చిన వచనం పట్టుకోండి. హన్నాకు అది 1 సమూయేలు 1:2. స్ట్రాంగ్స్ సంఖ్యలు (బైబిలు మూలభాషల్లోని ఒక్కో మాటకు ఇచ్చిన సంఖ్యలు) ఉన్న ప్రతిలో ఆ వచనం తెరిస్తే పేరు పక్కన హెచ్ 2584 అని ఉంటుంది. హెచ్ అంటే హీబ్రూ, జి అంటే గ్రీకు. హీబ్రూ చదవడం రాకపోయినా ఈ సంఖ్య మిమ్మల్ని సరైన మాట దగ్గరికే చేరుస్తుంది.

తర్వాత అక్షరాలు. హన్నాను హీబ్రూలో హేత్, నూన్, హే అని మూడక్షరాలతో రాస్తారు. చివరి హే పలకదు, స్త్రీలింగపు ‘ఆ’కు గుర్తు. న ఒత్తుకు విడిగా అక్షరం లేదు, నూన్ లోపల పెట్టే చుక్కే ఒత్తు. ధాతువు హేత్-నూన్-నూన్ కాబట్టి, ఆ చుక్కను వదిలేస్తే రెండో నూన్ దొరకదు, వెతుకులాట దారి తప్పుతుంది. ధాతువుకు అర్థం దయ చూపడం. దాని నుంచి వచ్చిన నామం ‘హేన్’, అంటే కృప. 1 సమూయేలు 1:18లో యాజకుడైన ఏలీ దృష్టిలో తనకు కృప దొరకాలని హన్నా కోరుతుంది. అక్కడున్న మాట హేనే. పేరుతో చేసిన ఈ చమత్కారం తెలుగులోకి రాలేదు.

పేరులో దేవుడు ఉంటే సాధారణంగా ‘ఎల్’, ‘యా’, ‘యో’ అనే ముక్క మొదట్లోనో చివర్లోనో కనబడుతుంది. ఇదే ధాతువుతో కట్టిన హనన్యా, యోహన్న పేర్లలో అది ఉంది: ‘యెహోవా దయ చూపాడు’. హన్నాలో అలాంటి ముక్క లేదు.

ఇంగ్లీషు స్పెల్లింగు చూసి అర్థం రాసుకుంటే నోయా దగ్గర బోల్తా పడతారు. సెలోపెహాదు కూతురు నోయా (సంఖ్యాకాండము 26:33) పేరు నూన్, అయిన్, హే: కదలిక. ఓడ కట్టిన నోవహు పేరు నూన్, హేత్: విశ్రాంతి. ఇంగ్లీషులో తేడా ఉంటే గింటే చివరి ఒక్క హెచ్చే, అర్థాలేమో దాదాపు ఎదురెదురు.

బైబిల్లో ఉన్నంత మాత్రాన పేరు హీబ్రూది అయిపోదు. మార్త, తబితా అరామిక్ పేర్లు, దొర్కా గ్రీకు. ఎస్తేరుకు హీబ్రూ పేరు హదస్సా (ఎస్తేరు 2:7), అంటే తెలుగు బైబిల్లోని గొంజి చెట్టు. మిర్యాము అర్థంపై పండితులకే ఏకాభిప్రాయం లేదు. చేదు అంటారు, తిరుగుబాటు అంటారు, ఐగుప్తు భాషలో ప్రేమ అనీ అంటారు. దానికి ఒక్కటే అర్థం ఖాయంగా రాసిన జాబితాను మిగతా పేర్లకూ నమ్మకండి.

ఇక రాత. గ్రీకులో హ కు అక్షరం లేక హన్నా కాస్తా అన్న అయింది. లూకా 2:36లోని ప్రవక్త్రి పేరు తెలుగులోనూ అన్నే. ఆ రూపం ఎంచుకుంటే ఆడపిల్లను ‘అన్న’ అనాల్సి వస్తుంది, దీర్ఘం పెడితే ‘అన్నా!’ అని పిలిచినట్టే. జనన ధ్రువపత్రంలో హ ఉంచుకోవడమే మేలు.