కనిపెట్టుకుని ఉండటం నేర్చుకుందాం – 4వ పాఠం: సౌలు ఏడో రోజు, నెహెమ్యా నాలుగు నెలలు

అందరికీ వందనాలు. పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారనుకుంటున్నా, అదే 13వ కీర్తన చదివి దావీదు లాగా మీ సొంత మాటల్లో "ఇంకా ఎన్నాళ్లు ప్రభువా" అని ఒక పేజీ రాయడం. చెయ్యని వాళ్లు దయచేసి ఇక్కడ ఆపి ముందు అది రాసుకుని రండి, ఈరోజు పనంతా ఆ పేజీ మీదే, అది లేకపోతే ఈ పాఠం ఊరికే చదివి వదిలేసినట్టు అవుతుంది.

ఆ పేజీ రాశాక చాలామందికి వచ్చిన డౌట్ ఒకటే. ఏడ్చాం, రాశాం, ప్రార్థన చేశాం, సరే బ్రదర్, ఇప్పుడేం చెయ్యాలి, చేతులు కట్టుకుని కూర్చోవాలా? అమీర్‌పేట్‌లో కోర్సు అయిపోయి హాస్టల్ ఫీజు కడుతూ కాల్ కోసం చూసేవాళ్లు, సంబంధాలు వస్తున్నాయి పోతున్నాయి అనే అక్కలు, ఇంకా తెలంగాణ గ్రూప్-1 వాళ్లయితే అసలు చెప్పక్కర్లేదు, 2022లో నోటిఫికేషన్ వచ్చి ప్రిలిమ్స్ ఒకసారి రాస్తే రద్దు, 2023లో మళ్లీ రాస్తే మళ్లీ రద్దు, 2024లో కొత్త నోటిఫికేషన్ కొత్త అప్లికేషన్. వీళ్ల దగ్గరికెళ్లి "దేవుని సమయం వేరు తమ్ముడూ" అని భుజం తట్టడం చాలా ఈజీ. నాకైతే ఆ మాట వింటే కోపం వస్తది, అది అబద్ధం అని కాదు, ఆ మాట అన్నాక సోమవారం పొద్దున లేచి ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు కాబట్టి.

ఈరోజు నేర్చుకునేది అదే. ఎదురుచూసే టైంలో నా పని ఏది, దేవుని పని ఏది అని విడదీయడం. వినడానికి చిన్నగా ఉంది కానీ బైబిల్లో ఎదురుచూపులో పడిపోయిన వాళ్లని చూస్తే ఎక్కువమంది ఇక్కడే పడ్డారు.

ముందు ఇశ్రాయేలు మొదటి రాజు సౌలు. 1 సమూయేలు 13 తెరవండి. ప్రవక్త సమూయేలు చెప్పింది గిల్గాలులో ఏడు రోజులు ఆగు, నేను వచ్చి బలులు అర్పిస్తా, నువ్వేం చెయ్యాలో చెప్తా అని (ఈ మాట 10వ అధ్యాయం 8వ వచనంలో ఉంటది, చాలామంది అది చూడకుండా 13 చదివి సౌలు మీద జాలిపడతారు). సౌలు ఆగాడు. ఒక రోజు కాదు రెండు రోజులు కాదు, ఏడు రోజులూ ఆగాడు. ఎదురుగా మిక్మషులో ఫిలిష్తీయులు సముద్రపు ఒడ్డున ఇసుక అంత మంది దిగారు, మనవాళ్లేమో గుహల్లో పొదల్లో దాక్కుంటున్నారు, కొంతమంది యొర్దాను దాటి పారిపోయారు, ఉన్నవాళ్లు కూడా ఒక్కొక్కరూ జారుకుంటున్నారు. సమూయేలు రాలేదు. అప్పుడు సౌలు దహనబలి ఇటు తెండి అని తనే అర్పించేశాడు. అర్పించడం అయిపోయిందో లేదో సమూయేలు వచ్చేశాడు!

ఇక్కడ సౌలు చెప్పిన సంజాయిషీ జాగ్రత్తగా చదవండి. జనం చెదిరిపోతున్నారు, నువ్వు చెప్పిన టైంకి రాలేదు, శత్రువులు కూడుకున్నారు. మూడూ నిజాలే, ఒక్కటి కూడా కల్పించింది కాదు. పైగా ఆయన పాపం అంటే మనం మామూలుగా అనుకునేలాంటిది కూడా కాదు, ప్రార్థన లాంటి పనే చేశాడు, బలి అర్పించాడు. ఐతే ఆ పని ఆయనది కాదు, సమూయేలుకి అప్పజెప్పింది. ఆ ఏడు రోజుల్లో సౌలు చెయ్యాల్సినవి ఎన్ని ఉన్నాయో చూడండి, ఉన్నవాళ్లకి ధైర్యం చెప్పాలి, కాపలా పెట్టాలి, అసలు ఆ సైన్యంలో సౌలుకీ ఆయన కొడుకు యోనాతానుకీ తప్ప ఎవరి చేతిలోనూ కత్తి గానీ ఈటె గానీ లేదని అదే అధ్యాయం చివర్లో ఉంది, దాని గురించి ఆలోచించాలి. అవి చేశాడో లేదో మనకి తెలియదు, రాయలేదు. తెలిసింది ఏంటంటే భయం ఎక్కువైనప్పుడు ఆయన చెయ్యి పక్కవాడి పని మీదకి వెళ్లింది.

ఇంకోటి, జనం పోతున్నారనే కదా ఆయన తొందరపడింది, లెక్క చూస్తే 600 మంది మిగిలారు. తర్వాతి అధ్యాయంలో యోనాతాను ఒక్క ఆయుధాలు మోసేవాణ్ణి తీసుకుని కొండ ఎక్కితే దేవుడు ఆ ఇద్దరితోనే శత్రువుల దండులో కలకలం పుట్టించాడు. అంటే సౌలు దేని గురించి భయపడ్డాడో దానితో దేవునికి అవసరమే పడలేదు. 13 చదివి ఆపకండి, 14 కూడా కలిపి చదవండి.

ఇప్పుడు నెహెమ్యా, నాకు బాగా ఇష్టమైన మనిషి, కాబట్టి కొంచెం ఎక్కువసేపే ఉంటా. షూషను కోటలో పారసీక రాజు అర్తహషస్తకి గిన్నె అందించే ఉద్యోగం. కిస్లేవు నెలలో సహోదరుడు హనానీ వచ్చి యెరూషలేము గోడ కూలిపోయి ఉంది, గుమ్మాలు కాలిపోయి ఉన్నాయి అని చెప్తాడు. నెహెమ్యా కూర్చుని ఏడ్చాడు, ఉపవాసం ఉన్నాడు. రాజుతో మాట్లాడే అవకాశం వచ్చింది నీసాను నెలలో. మధ్యలో దాదాపు నాలుగు నెలలు. ఈ నాలుగు నెలలూ రోజూ డ్యూటీకి వెళ్తున్నాడు, రాజు ముఖం చూస్తున్నాడు, ఇంకొకరైతే రెండో రోజే కాళ్ల మీద పడేవాళ్లు.

ఆ నాలుగు నెలలు ఆయనేం చేశాడో బైబిల్లో ప్రార్థన ఒక్కటే కనపడుతుంది, కానీ 2వ అధ్యాయంలో రాజు "నీకేం కావాలి" అని అడిగిన క్షణం చూడండి. ముందు ఆకాశమందలి దేవునికి ప్రార్థన చేశాడు, రాజు ఎదురుగా నిలబడి చేసిన ప్రార్థన అది, ఎన్ని సెకన్లు పట్టి ఉంటుంది. వెంటనే జవాబు ఇచ్చాడు, నన్ను యూదాకి పంపండి. ఎన్నాళ్లు పడుతుంది అంటే టైం చెప్పాడు. నది అవతలి అధికారులకి లెటర్లు కావాలన్నాడు. రాజుగారి అడవి చూసుకునే ఆసాపుకి ఒక లెటర్, కోట గుమ్మాలకీ పట్టణం గోడకీ తను ఉండబోయే ఇంటికీ మాన్లు ఇమ్మని. అడవి అధికారి పేరుతో సహా చెప్పాడండీ! ఇవన్నీ అప్పటికప్పుడు నోట్లోంచి వచ్చేవి కావు, ఈ మనిషి నాలుగు నెలలూ రాత్రిళ్లు లెక్కలు వేసుకున్నాడని నాకు గట్టి నమ్మకం. రాజు మనసు మార్చడం మాత్రం ముట్టుకోలేదు, అది దేవునికి వదిలేశాడు. తర్వాత గోడ 52 రోజుల్లో పూర్తయింది, 6వ అధ్యాయం 15వ వచనం. 4వ అధ్యాయంలో శత్రువులు వస్తున్నారంటే కూడా ఇదే పద్ధతి, దేవునికి ప్రార్థన చేశాం, రాత్రింబగళ్లు కావలి పెట్టాం అని ఒకే వాక్యంలో రెండూ రాస్తాడు.

మధ్యలో ఒక మాట. కొంతమంది విశ్వాసం అంటే మందులు ఆపెయ్యడం అనుకుంటున్నారు, అది వద్దు. జబ్బుపడ్డ హిజ్కియా రాజుకి దేవుడు బాగు చేస్తా, ఇంకా 15 ఏళ్లు ఇస్తా అని మాట ఇచ్చాక కూడా ప్రవక్త యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద పెట్టించాడు. బీపీ మాత్ర, షుగర్ మాత్ర వేసుకోవడం నీ పని. అలాగే ఇంట్లో దెబ్బలు తింటున్న చెల్లెళ్లకి "ఓర్చుకో, దేవుడు చూసుకుంటాడు" అని చెప్పేవాళ్లకి కూడా, సౌలు ఈటె విసిరితే దావీదు అక్కడ నిలబడలేదు, తప్పించుకుని రాత్రికి రాత్రే పారిపోయాడు.

సరే, విడదీయడం ఎలా? కొన్ని చోట్ల చూడగానే తెలిసిపోతుంది, రిజల్ట్ రావడం నా చేతిలో లేదు, చదవడం నా చేతిలో ఉంది. కష్టం ఎక్కడంటే నా చేతిలో ఉన్న పని, నేను చెయ్యగలిగిన పని, కానీ నాది కాదు. అక్కడికి నేను వాడే ప్రశ్న ఒకటే: ఈ పని జరగాలంటే అబద్ధం ఆడాలా, లేదా ఇంకొకరిని వాడుకోవాలా? యాకోబు పుట్టకముందే పెద్దవాడు చిన్నవాడికి దాసుడవుతాడని దేవుడు రిబ్కాకి చెప్పాడు, ఎలాగూ రాబోయే దాని కోసం యాకోబు మేక పిల్లల చర్మం చేతికి కట్టుకుని గుడ్డి తండ్రి ముందు నేనే ఏశావుని అన్నాడు, దానికి 20 ఏళ్లు మేనమామ లాబాను ఇంట్లో గడిపాడు. శారా కనాను వచ్చి పదేళ్లు చూసి, పిల్లల కోసం తన దాసి హాగరుని భర్త అబ్రాహాముకి ఇచ్చింది, హాగరు అడిగిందా? అబ్రాహాముకి 86 ఏళ్లప్పుడు ఇష్మాయేలు పుట్టాడు, ఇస్సాకు పుట్టింది 100 ఏళ్లకి, ఆ మధ్య ఇంట్లో జరిగిన గొడవలు మీకు తెలిసినవే.

మన ఊళ్లో ఈ ప్రశ్న ఎక్కడ కొడుతుందో చెప్తా. కన్సల్టెన్సీ వాడు ఫోన్ చేసి మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇస్తాం, పే స్లిప్పులు కూడా మేమే చూసుకుంటాం, డబ్బు కట్టు చాలు అంటాడు. హాస్టల్‌లో పక్క బెడ్ వాడు అలాగే వెళ్లి జాయిన్ అయ్యాడు. వీడు నిన్ననే ఉపవాసం ఉండి ప్రార్థన చేశాడు, ఈరోజు ఫోన్ వచ్చింది, కాబట్టి ఇది దేవుడు తెరిచిన డోర్ అనుకుంటాడు. కాదు తమ్ముడూ. దావీదుని తరుముతున్న సౌలు, ఆయన దాక్కున్న గుహలోకే వచ్చినప్పుడు దావీదు మనుషులు కూడా అదే అన్నారు, ఇదిగో దేవుడు నీ శత్రువుని నీ చేతికి అప్పగించిన రోజు అని (1 సమూయేలు 24). ప్రార్థనకీ ఫోన్‌కీ మధ్య ఒక్క రోజే ఉన్నంత మాత్రాన అది జవాబు అయిపోదు, దాని లోపల ఏముందో చూడాలి. దావీదు సౌలు బట్ట చెంగు కోసినందుకే మనసు గుచ్చుకుని ఆగిపోయాడు. ఆయన హెబ్రోనులో రాజయ్యేటప్పటికి 30 ఏళ్లు, అది కూడా ఒక్క యూదాకి, మిగతా ఇశ్రాయేలు రావడానికి ఇంకో ఏడున్నరేళ్లు పట్టింది.

ఇంకొక షార్ట్‌కట్ గురించి కూడా చెప్పాలి, తిట్టుకుంటే తిట్టుకోండి. ఫలానా నెలలో నీకు జాబ్ వస్తుంది, ఫలానా తారీఖు లోపల పెళ్లి అని డేట్లు చెప్పేవాళ్ల చుట్టూ తిరగడం. యిర్మీయా 28లో హనన్యా అనే ప్రవక్త బబులోను రాజు పట్టుకెళ్లినదంతా రెండేళ్లలో వెనక్కి వస్తుందన్నాడు, జనానికి ఎంత హాయిగా ఉండి ఉంటుందో. బబులోను చెరలో ఉన్నవాళ్లకి యిర్మీయా రాసిన లెటర్‌లో 70 ఏళ్లు అని ఉంది. మన ఆటోల వెనక, కార్ల అద్దాల మీద కనపడే యిర్మీయా 29:11 ఆ లెటర్‌లోదే, దానికి ముందు వచనంలోనే ఆ 70 ఉంది, ఇంకొంచెం పైన ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేసుకోండి, ఆ ఊరి క్షేమం కోసం ప్రార్థన చెయ్యండి అని పనుల లిస్టు ఉంది. స్టిక్కర్‌లో అవి పట్టవు మరి.

ఇక ఈ వారం పని. మీ పేజీ తీసుకోండి, వెనక వైపు మధ్యలో గీత గీసి ఎడమ పక్క నాది, కుడి పక్క ఆయనది అని రాయండి. పేజీలో మీరు అడిగిన ప్రతి దాన్నీ ముక్కలు చేసి రెండు పక్కలా పెట్టండి. జాబ్ అని ఒక్క ముక్క రాయొద్దు. రెజ్యూమె మార్చడం, రోజూ కొంచెం ప్రాక్టీస్, కాలేజీ నుంచి ప్రొవిజనల్ తెచ్చుకోవడం, సీనియర్‌ని రిఫరల్ అడగడం, ఇవి ఎడమ పక్క. అడగడం తప్పు కాదు, యోసేపు జైల్లో ఉండి, విడుదల కాబోతున్న ఫరో గిన్నె అందించేవాణ్ణి నన్ను గుర్తుపెట్టుకుని ఫరోకి చెప్పు అని అడిగాడు కదా. వాడు మర్చిపోయాడు, యోసేపు ఇంకో రెండేళ్లు జైల్లోనే ఉన్నాడు, వాడికి గుర్తు రావడం మాత్రం కుడి పక్కది. సంబంధాల విషయంలో బయోడేటాలో నిజం రాయడం, వాళ్ల గురించి వాకబు చెయ్యడం మీది, అవతలివాళ్ల మనసు ఆయనది. మీ అమ్మగారి టెన్షన్ ఏ పక్క పెట్టాలో తేలకపోతే మధ్య గీత మీదే రాసుకోండి, కొన్ని అలాగే ఉంటాయి.

రోజూ రాత్రి పడుకునే ముందు ఆ కాగితం చూసి, ఈరోజు కుడి పక్కది ఏదైనా నేను లాక్కున్నానా అని చూసుకుని దాని పక్కన సౌ అని రాయండి, సౌలు అని. వందసార్లు ఫోన్ తీసి మెయిల్ రిఫ్రెష్ చెయ్యడం కూడా లెక్కే. ఎడమ పక్కది ఏదైనా చెయ్యకుండా ప్రార్థన మీద తోసేశానా అని కూడా చూడాలి, దీన్ని మనోళ్లు అస్సలు చూడరు.

చివరగా నెహెమ్యా పేజీ. రేపు పొద్దున రాజు పిలిచి ఏం కావాలి అంటే మీరు ఏం చెప్తారో సగం పేజీలో రాయండి, ఎంత టైం, ఎవరి లెటర్, ఎక్కడి కలప, పేర్లతో సహా. ఇది రాయడానికి బద్ధకం అనిపిస్తే నెహెమ్యా 1, 2 అధ్యాయాలు కలిపి 31 వచనాలే, నాగోల్ నుంచి హైటెక్ సిటీకి మెట్రోలో వెళ్తుంటే అమీర్‌పేట్ రాకముందే అయిపోతాయి.

5వ పాఠంలో జవాబు వచ్చి, ఆ జవాబు "లేదు" అయితే ఏం చెయ్యాలో చూద్దాం. పౌలు మూడు సార్లు అడిగిన ముల్లు గురించి 2 కొరింథీయులకు 12లో మొదటి పది వచనాలు చదువుకుని రండి, రెండు పక్కలు రాసిన ఈ కాగితం పారెయ్యకండి, అక్కడ మళ్లీ కావాలి.