విజయనగరం వీధుల్లో నడుస్తూ వినే కథలను అమర్చే విధానం

నడిచేవారు ఒక చోటికి చేరగానే ఆ చోటి కథ ఫోనులో దానంతటదే వినిపించాలంటే, ముందుగా ఆ దారిని మీరే నడిచి చూడాలి. తొలి ప్రయత్నానికి 1713లో పునాది పడిన కోట, పైడితల్లి అమ్మవారి గుడి, 1919లో ఏర్పడిన సంగీత కళాశాల చాలు. పది చోట్లు పెట్టుకుంటే ఎండలో చివరిదాకా ఎవరూ రారు.

ప్రతి చోటుకూ మ్యాపుపై ఒక వృత్తం గీసి, శ్రోత అందులో అడుగుపెట్టగానే ఆడియో మొదలయ్యేలా యాప్‌లో అమర్చాలి. ఆరుబయట జీపీఎస్ సాధారణంగా 5 నుంచి 10 మీటర్ల తేడాతో చోటు చూపుతుంది గానీ, ఎత్తైన గోడల పక్కన, ఇరుకు సందుల్లో ఆ తేడా పెరుగుతుంది కాబట్టి, వృత్తానికి కనీసం 25 మీటర్ల వ్యాసార్ధం ఉంచి, ఒకదానిపై మరొకటి పడకుండా చూసుకోవాలి.

కథనం కంటికి కనబడే దానితోనే మొదలవ్వాలి. గుడి దగ్గర “సిరిమానోత్సవం సుప్రసిద్ధం” అనడం దండగ. “విజయదశమి తరువాతి మంగళవారం, పొడవాటి మాను చివర కూర్చున్న పూజారి ఈ గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు ఊరేగుతారు” అని చెబితే శ్రోత తప్పక తలెత్తి చూస్తాడు. సంగీత కళాశాల ముందు మాత్రం తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసును తలచుకుని, అనుమతితో రికార్డు చేసిన వీణ సాధనను కాసేపు వినిపించడమే మేలు.

ఒక్కో కథనం రెండు నిమిషాలు మించకూడదు. రోడ్డు దాటే చోట నిశ్శబ్దం తప్పనిసరి. సిగ్నల్ అందకపోయినా నడక ఆగకుండా, ఫైళ్లన్నీ బయలుదేరేముందే డౌన్‌లోడ్ అయ్యే ఏర్పాటు చేయాలి.