హరిత సంస్కృతిని సెలవునాటి మీటరుతో కొలవడం ఎలా?

ఏటా జూన్ 5న మొక్కలు నాటించి, గోడలకు నినాదాలు అంటించే కర్మాగారంలో పర్యావరణ స్పృహ నిజంగా ఎంత ఉందో తెలియాలంటే, ఉత్పత్తి ఆగిన ఆదివారం నాడు విద్యుత్ మీటరు చూడాలి. పనిదినాల్లో వాడకం ఆర్డర్ల జోరును బట్టి, యంత్రాల వయసును బట్టి, ముడిసరుకును బట్టి మారుతుంది కనుక, అందులో మనుషుల అలవాట్ల వాటాను విడదీయడం కష్టం. సెలవునాడు ఆ కారణాలు చాలావరకు పక్కకు తప్పుకుంటాయి.

శనివారం చివరి షిఫ్టు ముగియగానే ఒక రీడింగు, సోమవారం మొదటి షిఫ్టుకు ముందు మరొకటి చొప్పున నాలుగు వారాలు నమోదు చేయండి. శీతల గదుల వంటి ఆపకూడని వాటి వాడకాన్ని మినహాయించండి. వ్యర్థజల శుద్ధి ప్లాంటులో నీటిలోకి గాలి ఊదే బ్లోయర్లను పొదుపు పేరుతో ఎవరూ ఆపకుండా ముందే హెచ్చరించండి. గాలి అందకపోతే మురుగును తినే సూక్ష్మజీవులు చచ్చి, సోమవారం బయటికి వెళ్లే నీరే కలుషితమవుతుంది. మినహాయింపులు పోగా మిగిలిన యూనిట్లలో ఎక్కువ భాగం ఎవరో ఆపకుండా వదిలేసినదే.

తరువాత యంత్రాలకు ఒత్తిడి గాలిని అందించే కంప్రెసర్ దగ్గరకు వెళ్లండి. గాలి వాడే యంత్రాలన్నీ ఆపి, కంప్రెసర్‌ను మాత్రం నడుపుతూ, అది ఎంతసేపు లోడులో (గాలిని నింపుతూ) ఉందో, ఎంతసేపు అన్‌లోడులో (నింపకుండా ఊరికే తిరుగుతూ) ఉందో గడియారం పెట్టి చూడండి. రెండు నిమిషాలు లోడు, ఎనిమిది నిమిషాలు అన్‌లోడు అయితే పది నిమిషాల్లో రెండు, అంటే 20 శాతం సామర్థ్యం లీకులకే పోతోందని అర్థం. ఆ బుస్సుమనే చప్పుడును యాజమాన్యం కంటే ముందు వినేది ఆపరేటరే. అయితే అతడు చెప్పాడా, చెబితే ఎవరైనా పట్టించుకున్నారా అన్నదే అసలు ప్రశ్న.

అందుకే లీకు కనిపించిన చోట ట్యాగు కట్టి, తేదీ వేసి, రిజిస్టరులో ఎక్కించే పద్ధతి పెట్టండి. మొదటి నెలల్లో ట్యాగులు పెరిగితే కంగారు పడి సూపర్‌వైజరును నిలదీయకండి. పెరగడం మంచి సూచనే, చూసిన లీకును చెబుతున్నారని అర్థం. చూడవలసింది ట్యాగుకూ మరమ్మతుకూ మధ్య గడిచిన రోజులు. చెప్పిన లీకు నెల దాటినా అలాగే ఉంటే, రెండోసారి ఎవరూ చెప్పరు.

ఇక లెక్క విషయం. పర్యావరణ నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 14001 ధ్రువపత్రం సంస్థలో ఒక నిర్వహణ పద్ధతి ఉందని చెబుతుందే గాని, ఉద్గారాలు ఇంతకు మించరాదని అంకె ఏదీ విధించదు. 2022-23 నుంచి మార్కెట్ విలువలో తొలి 1000 లిస్టెడ్ కంపెనీలకు స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ తప్పనిసరి చేసిన బీఆర్ఎస్ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) నివేదికలో టర్నోవరు రూపాయికి ఎంత శక్తి ఖర్చయిందో చెప్పాలి. కానీ సరుకు ధర పెంచినా ఆ అంకె తగ్గుతుంది. కాబట్టి లోపలి సమీక్షకు టన్ను ఉత్పత్తికి ఎన్ని యూనిట్లు, ఎన్ని కిలోలీటర్ల నీరు అనే లెక్కనే వాడండి. దాని పక్కనే సెలవునాటి రీడింగునూ, మరమ్మతుకు పట్టిన రోజులనూ నెలనెలా రాయండి. కొత్త యంత్రం రాగానే టన్ను లెక్క ఒక్కసారిగా తగ్గి, మిగతా రెండూ కదలకపోతే, ఆ మెరుగుదల యంత్రానిదే. దాన్ని సంస్కృతి ఖాతాలో వేయకండి. సెలవునాటి రీడింగు మళ్లీ పెరిగిన నెలలో సిబ్బందికి సర్క్యులర్ పంపేముందు, రిజిస్టరులో మరమ్మతు తేదీ గడి ఖాళీగా ఉన్న ట్యాగులు ఎన్నో లెక్కపెట్టండి.