కాంటాక్టర్ ‘టక్’ మంటుంది, కారు కదలదు

మా పాత అంబాసిడర్‌ను ఇంట్లోనే కరెంటు బండిగా మార్చుకున్నాం. 30 ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్‌తో 96 వోల్టుల బ్యాటరీ ప్యాకు, సిరీస్ డీసీ మోటారు. పాత గేర్‌బాక్సు, క్లచ్ అలాగే ఉంచాం. కిందటి రోహిణి కార్తెలో కంట్రోలర్, అంటే పెడల్ నొక్కుడును బట్టి మోటారుకు కరెంటు వదిలే పెట్టె, పోయింది. విజయవాడ ఆటోనగర్‌లో బానెట్ ఎత్తి చూసిన ప్రతివాళ్లూ ‘కంట్రోలర్ మార్చెయ్యండి సార్’ అన్నారు. మార్చే ముందు అది ఎందుకు పోయిందో తేల్చుకోండి. లేకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది.

సమస్య: కాంటాక్టర్ పడుతుంది, పెడల్ నొక్కితే చలనం లేదు

ప్యాకు కరెంటును కంట్రోలర్‌కు కలిపే పెద్ద స్విచ్చే కాంటాక్టర్. అది ‘టక్’ మన్నా కారు కదలకపోతే ముందు పెడల్ పాట్ (నొక్కుడును బట్టి రెసిస్టెన్స్ మారే భాగం) చూడండి. వైర్లు ఊడదీసి మల్టీమీటర్ పెట్టి పెడల్‌ను మెల్లగా నొక్కండి. 0-5 కిలోఓమ్ రకమైతే అంకె సాఫీగా ఎక్కాలి. మధ్యలో గెంతితే పాట్ అరిగిపోయినట్టే. తాళం తిప్పే సమయానికి పెడల్ కొంచెం నొక్కి ఉన్నా చాలా కంట్రోలర్లు భద్రత కోసం కదలనివ్వవు. ఫ్లోర్ మ్యాట్ మడత పెడల్ మీద పడి ఒకసారి పూటంతా తిప్పలు పడ్డాను.

తర్వాత మోటారు. ముందు చక్రాలకు అడ్డం పెట్టి, వెనక చక్రాలు రెండూ లేపి స్టాండ్ల మీద పెట్టండి. మోటారు కేబుళ్లు కంట్రోలర్ నుంచి విప్పి, గేరులో ఉంచి, 12 వోల్టుల బ్యాటరీ కొన్ని సెకన్లు మాత్రం తగిలించండి. చక్రాలు తిరిగితే మోటారు బాగున్నట్టే. కంట్రోలర్‌కు ప్యాకు వోల్టేజీ, కీ సప్లై (తాళం తిప్పితే వచ్చే కరెంటు) కూడా అందుతుంటే అప్పుడు దాన్ని అనుమానించండి.

సమస్య: ఎత్తు ఎక్కేటప్పుడు నీరసం, నీడలో ఆపితే మళ్లీ హుషారు

ఇది వేడి. కనకదుర్గ ఫ్లైఓవర్ మధ్యాహ్నం ఎక్కితే తెలిసిపోతుంది. కంట్రోలర్ తనను కాపాడుకోవడానికి కరెంటు తగ్గిస్తోంది, పాడవలేదు. థర్మల్ పేస్ట్ (కంట్రోలర్ వేడిని బయటికి లాగడానికి పూసే ముద్ద) ఎండిందేమో చూడండి, దుమ్ము దులపండి, ఫ్యాన్ పెట్టండి.

సమస్య: కాలు పెట్టకముందే కారు ముందుకు దూకుతుంది

కంట్రోలర్ లోపలి మాస్‌ఫెట్లు (కరెంటును కలిపి తెంచే ఎలక్ట్రానిక్ స్విచ్చులు) షార్ట్ అయి ఉంటాయి. అవి కాలితే ఎక్కువగా ఇలాగే పోతాయి, మోటారుకు ప్యాకు మొత్తం నేరుగా తగులుతుంది. అలవాటు కొద్దీ కాలు క్లచ్ మీదికి వెళ్తుంది. నొక్కకండి. బరువు తప్పగానే సిరీస్ మోటారు వేగం అదుపు తప్పి లోపల తిరిగే రాగి పలకల చట్రం, కమ్యుటేటర్, విచ్చుకుపోతుంది. బ్రేకు తొక్కి ఎమర్జెన్సీ ఐసొలేటర్ (ప్యాకు కరెంటును తెంచే స్విచ్చు) లాగండి.

తర్వాత ప్యాకు విడదీసి, కేబుళ్లు విప్పి, కంట్రోలర్‌లోని కెపాసిటర్లు ఖాళీ చేసి, దాని మీది బీ మైనస్ (బ్యాటరీ), ఎమ్ మైనస్ (మోటారు) టెర్మినళ్ల మధ్య రెసిస్టెన్స్ కొలవండి. మీటర్ తీగలు అటూ ఇటూ మార్చి పెట్టినా సున్నాకు దగ్గరగా వస్తే ఇక మార్చడమే.

నా బండిలో అసలు దొంగ 470 ఓమ్‌ల ప్రీచార్జ్ రెసిస్టర్. కాంటాక్టర్ పడకముందే కెపాసిటర్లను మెల్లగా నింపేది అదే. కుదుపులకు దాని కాలొకటి విరిగింది. దాంతో కాంటాక్టర్ పడ్డ ప్రతిసారీ ఖాళీ కెపాసిటర్లలోకి కరెంటు ఒక్కసారిగా దూకేది. విప్పి చూస్తే కాంటాక్టర్ పాయింట్ల మీద రాగి కరిగి నల్లటి పూసలు కట్టింది. ‘టక్’ అనాల్సింది కొన్నాళ్లుగా ‘ఫట్’ మంటోంది, నేనే పట్టించుకోలేదు. కంట్రోలర్‌తో పాటు కాంటాక్టర్, రెసిస్టర్ కూడా మార్చాను.

మార్చేటప్పుడు

ఉంగరం, వాచీ, గొలుసు తీసెయ్యండి. ఐసొలేటర్ తీశాక కూడా కెపాసిటర్లలో చార్జి ఉంటుంది, బల్బు తగిలించి ఖాళీ చేసి మీటర్‌తో చూసుకోండి. కొత్తది కొనేటప్పుడు 96 అని రాసి ఉంటే సరిపోదు. మా ప్యాకు ఫుల్ చార్జిలో 109.5 వోల్టులకు వెళ్తుంది, కొత్త కంట్రోలర్ గరిష్ఠ పరిమితి అంతకంటే ఎక్కువ ఉండాలి. ఫ్యూజు డీసీకి పనికొచ్చేదే వెయ్యండి. ఏసీ ఫ్యూజులో డీసీ ఆర్క్ ఆరకపోవచ్చు. కాంటాక్టర్ కాయిల్‌కు అడ్డంగా ఉండే డయోడ్‌ను తిరగేసి బిగిస్తే షార్టే.

మొదటి పరీక్ష చక్రాలు గాలిలో ఉండగానే, గేరులోనే, పెడల్ వేలితో నొక్కి చెయ్యండి. తర్వాత పది కిలోమీటర్లు తిప్పి, ఐసొలేటర్ తీసి, కెపాసిటర్లు ఖాళీ చేసి, లగ్గులు (కేబుళ్ల చివర బోల్టుతో బిగించే భాగాలు) ఒక్కొక్కటీ తడిమి చూడండి. మిగతావాటికంటే వేడిగా ఉన్నది వదులుగా ఉంది. నాకు ఎమ్ మైనస్ దగ్గర బోల్టు పావు చుట్టు తిరిగింది.